పెట్టె వదిలేద్దామని గుడివాడ వెళ్లాను

నిజం చెప్పాలంటే నేను గుడివాడ బయల్దేరింది పెట్టె వదిలించుకోవడానికి. ఆట ఆడించడం అన్నది పైకి చెప్పుకోవడానికి మాత్రమే.

అవనిగడ్డలో నాకో ఫొటో స్టూడియో ఉంది. పెళ్లికి ముందు బెంగళూరులో ఓ కలర్ ల్యాబ్‌లో పనిచేసేటప్పుడు రూమ్మేట్లు అంటించిన పిచ్చి ఈ ఆట. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు ఆ కథలో మనుషులు. ఒకరు కత్తి పట్టిన వీరుడు, ఒకరు మంత్రగత్తె, ఇంకొకరు దొంగ. ఎదురుగా రాకాసి వస్తే ఏం చేస్తారో ఎవరి మనిషి సంగతి వాళ్లే చెప్పాలి. అది ఫలించిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. ఇరవై ముఖాల పాచికలు కూడా ఉంటాయని మా ఆవిడ విజయకి చూపిస్తే, "ఉన్న ముఖంతోనే వేగలేకపోతున్నాం" అంది.

ఇలాంటి ఆటల మేళాలు బెంగళూరులోనో మద్రాసులోనో జరిగినప్పుడల్లా షాపు మూసేసి వెళ్లి, ఓ బల్ల దగ్గర కథ నడిపి వచ్చేవాణ్ణి. ఈ పనికి కావలసింది గొంతు. రాకాసి గొంతూ మనదే, రాజుగారి గొంతూ మనదే, వాన చప్పుడు కూడా మనమే చెయ్యాలి.

ఆ గొంతే పోయింది. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత మాటకి బదులు గాలి వస్తోంది. స్టూడియోలో "కొంచెం నవ్వండి" అంటే ఎవరికీ వినపడదు. నేనే ముందు నవ్వి చూపించాల్సి వస్తోంది. అలాంటి సమయంలో వంశీ ఫోన్ చేశాడు. గుడివాడ కుర్రాడు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బెంగళూరు మేళాలో పరిచయం. సొంత ఊళ్లో, కల్యాణ మండపంలో రెండో శనివారం మేళా పెడుతున్నాడట. "బాబాయ్, తెలుగులో ఒక బల్ల నువ్వే నడపాలి. లేకపోతే మన ఊళ్లో మేళా పెట్టి ఏం లాభం?" అన్నాడు.

ఆలోచించి ఒక మాట అనుకున్నాను. నాలుగు గంటల ఆట. చివరిదాకా నడపగలిగితే సరే సరి. మధ్యలో గొంతు కూలబడితే పాచికలూ ఆట సామానూ ఉన్న నా పెట్టె అక్కడే వంశీకి ఇచ్చేసి రావాలి. అటక మీద పెట్టుకుని రోజూ చూసి ఏడవడం నా వల్ల కాదు. ఈ మాట ఫోన్లో వంశీకీ చెప్పాను. విజయకి చెబితే, "ఇచ్చేస్తే అటక మీద చోటు మిగులుతుంది" అంది గానీ, ఫ్లాస్కు కడిగి వేణ్ణీళ్లు పోసి సంచిలో పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనం చేసి బందరు బస్సెక్కాను. అవనిగడ్డ నుంచి గుడివాడకి పామర్రు మీదుగా పోతే దగ్గర. కానీ బందరులో డాక్టరుకి చూపించుకోవలసిన రోజు కూడా అదే కావడంతో చుట్టు తిరిగాను. మోపిదేవి, చల్లపల్లి దాటాక రోడ్డుకి రెండు పక్కలా కోతలు అయిపోయిన చేలు, మినుము మొలకలు. కిటికీ పక్క సీటు దొరికింది. పెట్టె ఒళ్లో.

డాక్టరుగారు గొంతులోకి లైటు వేసి చూసి, "ఇంక ఇంతే అనుకోండి, మెరుగైతే అదృష్టం" అన్నారు. ఏకబిగిన మాట్లాడవద్దని, అరవడం అసలు వద్దని చెప్పారు. రేపు నాలుగు గంటలు రాకాసిలా మాట్లాడబోతున్నానని ఆయనకి చెప్పలేదు. చెప్పినా ఆయనకి వినపడేది కాదు.

ఆ రాత్రి చిలకలపూడిలో పిన్ని ఇంట్లో పడుకున్నాను. గిలకలదిండి రేవు నుంచి పండుగప్ప చేప తెప్పించి పులుసు పెట్టింది పిన్ని. కారం తగ్గించానంది. తగ్గించినట్టు నా గొంతుకి తెలియలేదు, కానీ రెండోసారి కూడా వేయించుకున్నాను.

పొద్దున్నే గుడివాడ పాసింజరు. వీలున్నవాళ్లు ఈ రైల్లోనే వెళ్లండి, బస్సుకన్నా చవక, ఖాళీగా కూడా ఉంటుంది. పెడనలో ఒకాయన కలంకారీ దుప్పట్ల మూటతో ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. కాసేపు పెట్టె వంక చూసి, "హార్మోనియమా అండీ?" అని అడిగాడు.

"కాదండీ, ఆట సామాను" అన్నాను, నా గాలి గొంతుతో.

ఆయన ముందుకి వంగి, నాకంటే మెల్లగా, "ఏం ఆటండీ?" అన్నాడు. ఆపరేషన్ తర్వాత నేను కనిపెట్టిన సంగతి ఇది. మనం గుసగుసగా మాట్లాడితే ఎదుటివాళ్లు కూడా గుసగుసలాడతారు. కవుతరం దాటేసరికి పక్క సీటావిడ చేతిసంచి దగ్గరికి లాక్కుని మా ఇద్దర్నీ దొంగల్ని చూసినట్టు చూస్తోంది. గుడివాడలో దిగుతుంటే ఆయన నా చెవి దగ్గరకొచ్చి, "జాగర్తండీ" అన్నాడు. ఎందుకు జాగ్రత్తో ఆయనకీ తెలియదు.

స్టేషన్ ఎదురుగా హోటల్లో ఇడ్లీ తిని, వేడి పాలు తాగి, తొమ్మిదిన్నరకి మండపం చేరాను. పెళ్లికొడుకు కూర్చునే చోట చదరంగం పోటీ. భోజనాల హాల్లో క్యారమ్స్, పేకముక్కల్లాంటి బొమ్మల కార్డుల ఆటలు. మా ఆటకి మూడు బల్లలు. రెండింటి చుట్టూ ఇంజనీరింగ్ కుర్రాళ్లు ఇంగ్లీషులో గోల గోలగా ఉన్నారు. మూడో బల్ల మీద "తెలుగు" అని అట్టముక్క. దాని దగ్గర ఎవరూ లేరు.

"నలుగురు లేకపోతే బల్ల తీసేయాలి బాబాయ్" అని వంశీ తల గోక్కున్నాడు. తెగ తిరిగి ముగ్గుర్ని పట్టుకొచ్చాడు. ఇద్దరు డిగ్రీ కుర్రాళ్లు, రవి, నాని. మూడో ఆయన శేషగిరిగారు, పెదపారుపూడిలో వ్యవసాయం, రైసుమిల్లులో వాటా. కూతుర్ని చదరంగం పోటీకి తీసుకొచ్చి, అది అయ్యేదాకా ఏం చెయ్యాలో తోచక తిరుగుతున్నారు. నాలుగో మనిషి కోసం వంశీ చుట్టూ చూశాడు. గోడవారన ఫస్ట్ ఎయిడ్ పెట్టె పక్కన ఒక నర్సు కుర్చీలో కూర్చుని ఉంది. పేరు కరుణ, ఊరు గూడూరు. పొద్దుటినుంచి ఒక్కడికీ వేలు కూడా తెగలేదట.

"నాకేం రాదండీ" అంది కరుణ.

"రావక్కర్లేదండీ, అబద్ధాలు చెప్పడం వస్తే చాలు" అన్నాను.

"అయితే మరీ రాదు" అని నవ్వుతూనే వచ్చి నా పక్కన కూర్చుంది.

నా కథ ఇదీ. ఏరు సముద్రంలో కలిసేచోట ఒక లంక. ఊరంతా ఉప్పునీళ్లే. లంక చివర ఒక్కటే తీపినీళ్ల బావి. దానికి ఒక ముసలి రాకాసి కాపలా. దాన్ని దాటి ఊరికి నీళ్లు తేవాలి. ఎదురుమొండి లంక నుంచి పడవలో వస్తుంటే తట్టిన కథ. బెంగళూరులో రెండుసార్లు నడిపాను. రెండుసార్లూ రాకాసిని చంపి, బావి చేజిక్కించుకుని, చప్పట్లు కొట్టారు.

మొదటి గంట బాగానే గడిచింది. ప్రతి మాటకీ వేణ్ణీళ్లు మింగుతూ లాక్కొచ్చాను. శేషగిరిగారు కత్తివీరుడు వద్దని పడవవాడి వేషం తీసుకున్నారు. రవి కత్తి తీసుకున్నాడు, నాని దొంగ. కరుణ వైద్యురాలు. అడవి దాటి, బురదలో దిగబడి, తీరా బావి దగ్గరికి వచ్చేసరికి నా గొంతు ఆగిపోయింది. బొంగురు కూడా లేదు. నోరు తెరిస్తే ఖాళీ. రాకాసి లేచి నిలబడాల్సిన చోట నేను చేప నోరు తెరిచినట్టు తెరిచి కూర్చున్నాను.

ఫ్లాస్కు అయిపోయింది. పక్క బల్లల గోల. నలుగురూ నా మొహం వంకే చూస్తున్నారు. సరే, ఇంతే అనుకున్నాను. నా చెయ్యి దానంతటదే పాచికలు ఏరి పెట్టెలో వేస్తోంది. కళ్లు చెమ్మగిల్లాయి. అది వాళ్లు చూశారనుకుంటాను.

కరుణ నా మణికట్టు పట్టుకుంది. నర్సు కదా, నాడి చూస్తోందనుకున్నాను. "మీరు నా చెవిలో చెప్పండి, నేను అందిస్తాను" అంది.

నాకు అర్థం కాలేదు. "మా గూడూరు చర్చిలో పెద్దవాళ్లకి చదువు లేదండీ. పాట పాడేటప్పుడు ఒకరు పుస్తకం చూసి ముందు చరణం అందిస్తారు, అందరూ అందుకుంటారు. మా అమ్మ అందించేది, ఇప్పుడు నేను. పుస్తకం మీరు, అంతే తేడా."

ఒక పక్క సిగ్గు, ఒక పక్క ఆశ. ఆవిడ చెవి దగ్గరికి వంగి, రాకాసి మొదటి మాట ఊదాను. పళ్లు నూరుతూ చెప్పాల్సిన మాట: నా బావి దగ్గరికొస్తే నిలువునా మింగేస్తాను.

కరుణ నిటారుగా కూర్చుని, చర్చి గోడలు వినేంత గొంతుతో అందించింది. "నా బావి దగ్గరికొస్తే నిలువునా మింగేస్తానండీ."

బల్లంతా ఒక్కసారిగా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. కూర్చి కూర్చి తెచ్చుకున్న రాకాసి, వడ్డన దగ్గర నిలబడ్డ అత్తగారిలా తయారైంది. కాగితం లాక్కుని, "అండీ వద్దు" అని రాసి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ అదీ కథలో భాగమే అనుకుంది.

"అండీ వద్దటండీ" అని అందించింది.

నాని బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. ఇక నవ్వకుండా ఉండటం నా వల్ల కూడా కాలేదు, శబ్దం రాలేదు అంతే.

శేషగిరిగారు మాత్రం నవ్వలేదు. పడవవాడి తలపాగా సర్దుకున్నట్టు చేతులు పెట్టి, "అమ్మా, ఎంతకాలంగా ఒక్కరే ఉంటున్నారండీ ఇక్కడ? భోజనం అదీ ఎలా?" అని అడిగారు.

బెంగళూరులో ఎవరూ అడగని ప్రశ్న. కరుణ చెవిలో అప్పటికప్పుడు పుట్టిన మాట చెప్పాను. ఆవిడ ఈసారి మెల్లగా అందించింది. "అడిగినవాళ్లు లేరండీ. నీళ్లకి వచ్చేవాళ్లే గానీ, నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లు లేరు."

నాని బల్ల మీంచి తల ఎత్తాడు. రవి అప్పటికే దాడికి పాచిక పట్టుకుని ఉన్నాడు. "మరి నా కత్తి ఎందుకండీ?" అన్నాడు దీనంగా.

"పెద్దావిడ మీద చెయ్యి చేసుకుంటావా? బొండాం కొట్టిపెట్టు ఆవిడకి" అని శేషగిరిగారు కసిరారు. రవి నిజంగానే బొండాం కొట్టడానికి పాచిక వేశాడు. ఇరవైకి ఇరవై పడింది. పక్క బల్లవాళ్లు కూడా తిరిగి చూసేంత కేక పెట్టారు మావాళ్లు.

ఆ తర్వాత ఇంక నా కథ నా చేతిలో లేదు. నేను ఒక మాట ఊదితే కరుణ అందించేది, మిగతావాళ్లు అందుకునేవాళ్లు. రాకాసి నీళ్లు ఊరికి వదిలేట్టు, ఊళ్లోవాళ్లు వంతుల వారీగా ఆవిడకి అన్నం పంపేట్టు ఒప్పందం కుదిరింది. ఏ వీధి వంతు ఎప్పుడో శేషగిరిగారు కాలవ నీళ్ల వంతులు వేసినంత శ్రద్ధగా వేశారు. చదరంగంలో ఓడిపోయిన వాళ్లమ్మాయి వచ్చి పిలిస్తే, "ఉండమ్మా, ఇంకా అన్నం పంపలేదు" అన్నారు. మధ్యలో భోజనానికి లేచాం, పులిహోర, వంకాయ కూర, చిక్కటి మజ్జిగ. మళ్లీ కూర్చుని కథ పూర్తిచేశాం. నాలుగు గంటల ఆట అయిదు గంటలైంది. ఇన్నేళ్లలో నేను నడిపిన ఆటల్లో ఇంత బాగా కుదిరింది లేదు, అది కూడా నోట మాట లేకుండా. ఆ నలుగురికీ కృతజ్ఞత చెప్పడానికైనా గొంతు ఉంటే బావుండునని ఆ రోజు అనిపించినంతగా ఎప్పుడూ అనిపించలేదు.

సాయంత్రం వంశీ బస్టాండు దాకా వచ్చాడు. "పెట్టె ఇచ్చేస్తానన్నావు కదా బాబాయ్?" అన్నాడు. నేను పెట్టెను అటు చేతి నుంచి ఇటు చేతికి మార్చుకున్నాను. వాడికి అర్థమై నవ్వాడు.

కరుణకి బందరు బస్సు, నాకు పామర్రు బస్సు. "రోజూ ఆవిరి పట్టండి, పచ్చళ్లు మానండి" అని నర్సులా చెప్పి, రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మళ్లీ పెడితే కబురు చెయ్యండి. అండీ లేకుండా అందించడం నేర్చుకుంటాను." వద్దని చేత్తో సైగ చేశాను. ఆ అండీయే కావాలని ఎలా సైగ చెయ్యాలో తెలియలేదు.

పామర్రులో దిగి అవనిగడ్డ బస్సు ఎక్కేసరికి చీకటి పడింది. బస్సు నిండా జనం. పెట్టె చూసి ఒక పెద్దాయన కొంచెం జరిగి చోటిచ్చాడు. కూచిపూడి దాటాక కండక్టరు నా దగ్గరికి వచ్చి, "ఎక్కడికండీ?" అన్నాడు.

"అవనిగడ్డ" అన్నాను. గాలి వచ్చింది.

"ఎక్కడికీ?" ఇంజను రొదలో కండక్టరు గట్టిగా అరిచాడు. నేను మళ్లీ నోరు తెరిచాను.

పక్కన కూర్చున్న పెద్దాయన నా పెదవులు చూశాడు. ఆయనకి నేనెవరో తెలియదు, నా గొంతు సంగతి తెలియదు. కండక్టరు వైపు తిరిగి, బస్సంతా వినపడేలా అందించాడు.

"అవనిగడ్డ ఒకటి ఇవ్వమంటున్నారండీ."

టికెట్టు చేతులు మారి నా దగ్గరికొచ్చింది. దాన్ని జేబులో పెట్టుకుని, పెట్టె ఒళ్లోకి దగ్గరగా లాక్కున్నాను.