చివరి వారం లేని పుస్తకాలు

ఇళ్ల ప్లాన్లు గీసే మా ఆఫీసులో పాత నక్షాలు చినిగితే వాటి వెనక గుడ్డ అతికిస్తారు. దానికి మైదా లై కావాలి. నిన్న అటెండరు కిరసనాయిలు స్టవ్వు మీద గిన్నె పెట్టి, పిండినీళ్లలో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి కలియబెడుతుంటే, ఉడుకుతున్న వాసన నా బల్ల దాకా వచ్చింది. గీత మధ్యలో పెన్సిల్ ఆగిపోయింది. నాకు తెలిసినంతవరకు ఆ వాసన నక్షాలది కాదు. కొత్తపేటలో రాహేలమ్మ ఇంటి వాకిలిది. ఆ వాకిట్లో కూర్చుని పుస్తకాలు కుట్టిన సుభద్ర టీచరుగారిది.

అరవై తొమ్మిదిలో నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదువుతున్నాను. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో కాలేజీ మూతపడింది. పొద్దున ఊరేగింపులో దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచేవాణ్ణి. మధ్యాహ్నం నుంచి చేయడానికి ఏమీ ఉండేది కాదు. అప్పట్లో కొత్తపేట అంటే విజయవాడ రోడ్డు, దానికి అటూ ఇటూ ద్రాక్షతోటలు, వాటి మధ్య ఒకటొకటిగా లేస్తున్న ఇళ్లు. మా ఎదురిల్లు రాహేలమ్మది. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. భర్త పోయాక ఆమె దవాఖానలో ఆయాగా చేరింది. పెంకుటింట్లో వీధి వైపు గదిని సుభద్ర టీచరుగారికి కిరాయికి ఇచ్చింది. ఆవిడది తెనాలి దగ్గర ఊరు. పక్కనే ఉన్న ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేవారు. నలభైకి దగ్గరపడిన మనిషి, ఒక్కరే ఉండేవారు.

వారపత్రికల్లో వచ్చే సీరియళ్లను చాలా ఇళ్లలో ఆడవాళ్లు కత్తిరించి దాచుకుని, పూర్తయ్యాక దబ్బనంతో కుట్టి, లై రాసి అట్ట అతికించుకునేవారు. టీచరుగారూ కుట్టేవారు, ఒక్క తేడాతో. చివరి వారం పేజీలను పుస్తకంలో కలిపేవారు కాదు. వాటిని ట్రంకుపెట్టెలో పడేసి, ఆ చోట నాలుగు తెల్లకాగితాలు కుట్టేవారు. అంచులు తిన్నగా కోయడానికి టీ-స్క్వేరు పట్టుకుని వెళ్లిన నాకు మొదటిరోజు అది పొరపాటనిపించింది.

“ఈ పేజీలు మిగిలిపోయాయండీ.”

“మిగల్లేదు, మిగిల్చాను.”

“మరి చదివేవాళ్లకి కథ తెలియదు కదా?”

“కథంతా తెలుస్తుంది సత్యం. తెలియనిది శిక్ష ఒక్కటే. అది కావాలంటే వచ్చి అడుగుతారు. ఇచ్చేముందు నేనూ ఒకటి అడుగుతాను, నువ్వయితే ఏం చేసేదానివి అని.”

రాహేలమ్మకు చదువు రాదు. డ్యూటీ నుంచి రాగానే చేటలో బియ్యం పోసుకుని కూర్చునేది. టీచరుగారు చదివి వినిపించేవారు. కథలో కోడలు మాటలు పడుతున్నకొద్దీ రాళ్లు ఏరే వేగం పెరిగేది.

“గీ పోరికి నోరు లేదా ఏంది? జర నోరు తెరవమని చెప్పరాదు టీచరమ్మా!”

“చెప్పాను రాహేలమ్మా. రాసినాయన వినిపించుకోవడం లేదు.”

పట్టిక గీస్తే తప్ప నాకు ఏదీ అర్థం కాదు. ఆ సెలవుల్లో గ్రాఫు కాగితం మీద ఆ కథానాయికలందరినీ వరుసలో పెట్టాను. పేరు, ఏం కోరుకుంది, ఎవరు అడ్డుపడ్డారు, చివరికి ఏమైంది. ‘ఎవరు’ అన్నచోట అత్తగారు, అన్నగారు, పరువు, అన్నిటికన్నా ఎక్కువగా ‘నలుగురు’ అని రాయాల్సి వచ్చింది. ‘చివరికి’ అన్నచోట బావి, రైలు, క్షయ, లేదంటే భర్త పాదాలు. మంచి వంతెనకు లెక్క కట్టినంత గర్వంగా తీసుకెళ్లి చూపించాను. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని నిదానంగా చదివారు.

“బాగుంది. ఒక గడి తక్కువైంది.”

“ఏమిటండీ?”

“ఇల్లు వదిలి వచ్చిన రాత్రి ఆ పిల్ల ఎక్కడ పడుకుంది?”

పుస్తకాలన్నీ మళ్లీ తిరగేశాను. ఎక్కడా లేదు. గడప దాటుతుంది, ఉరుము ఉరుముతుంది, పేజీ తిప్పితే బావి.

“రాసేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు,” అన్నారు టీచరుగారు దారానికి మైనం పట్టిస్తూ. “వాళ్లెరిగిన ఊళ్లో ఒంటరి ఆడదానికి గది అద్దెకిచ్చే ఇల్లు లేదు. పిల్లను బయటికైతే తెచ్చారు, ఎక్కడ పెట్టాలో తెలియదు. బావిలో వేస్తారు.”

తన సంగతి అప్పుడే చెప్పారు. టీచరు ట్రైనింగు పూర్తిచేస్తానంటే మెట్టినింట్లో ఒప్పుకోలేదు. బయటికి వచ్చేశారు. ఈ ఊళ్లో ఉద్యోగం దొరికాక గది కోసం వీధి వీధీ తిరిగారు. ప్రతి ఇంటివాళ్లూ అడిగింది ఒకటే, మీ ఆయన ఎప్పుడొస్తారని. రాహేలమ్మ మాత్రం వేరే ప్రశ్న వేసింది.

“‘బాయి నీళ్లే, చేదుకుంటవా?’ అంది. చేదుకుంటానన్నాను. తలుపుకి లోపలివైపు గడియ ఉందో లేదో చూసుకున్నాను. ఉంది. అంతే, దిగిపోయాను.” నవ్వి మళ్లీ అన్నారు: “వీళ్లంతా దూకే బావిలో నేను రోజూ నీళ్లు తోడుకుంటున్నాను.”

ఆ వేసవి ముదిరేకొద్దీ ఊళ్లో గొడవలూ ముదిరాయి. బస్సులు సరిగా తిరగడం లేదు. ఒక మధ్యాహ్నం నేను అంచులు కోస్తూ, రాహేలమ్మ బియ్యం ఏరుతూ ఉండగా టీచరుగారి అన్నయ్య చెమటలు కక్కుతూ వచ్చి వాకిట్లో నిలబడ్డారు.

“పద సుభద్రా, సామాను తర్వాత చూసుకుందాం. చెల్లెల్ని గొడవల్లో వదిలేశాడని నలుగురూ నా మొహాన ఉమ్మేస్తున్నారు.”

వెళితే ఏమవుతుందో ఆవిడ నాకు ముందే చెప్పి ఉన్నారు. ఉద్యోగం పోతుంది. అన్నగారి పెరటి గదిలో కొన్నాళ్లు చాప, ఆపైన నచ్చజెప్పి మళ్లీ మెట్టినిల్లు. ఆవిడ ఇంకా జవాబు చెప్పకముందే మా వీధి పెద్ద యాదగిరన్న వచ్చాడు. ఊరేగింపుల్లో మమ్మల్ని నడిపించేది ఆయనే.

“అక్కా, ఎన్నిసార్లు చెప్పాలె? ఆంధ్ర టీచర్ను ఖాళీ చేపియ్యి. మన పోరగాళ్లు కొలువుల్లేక పరేషాన్ అయితున్నరు.”

రాష్ట్రమంతటా ఎక్కడా కుదరని ఏకాభిప్రాయం మా ఎదురింటి వాకిట్లో కుదిరింది. ఆయన ఆంధ్ర, ఈయన తెలంగాణ. ఇద్దరికీ కావలసింది ఆవిడ వెళ్లిపోవడమే.

యాదగిరన్న నావైపు తిరిగాడు. “ఏం సత్తెం, నినాదాలిచ్చుట్ల ముందటుంటవు, నువ్వన్న చెప్పరాదు!”

కొలువుల బాధ నాది కూడా. దానికీ ఈ గదికీ నడుమ గీత ఎక్కడ గీయాలో నాకు తెలుసు. అయినా తల వంచుకుని టీ-స్క్వేరు కాగితం అంచుకు సర్దుకున్నాను. రాహేలమ్మ చేట కింద పెట్టి లేచింది.

“యాదగిరన్నా, జై తెలంగాణ నేను సుత అంటా. నా కొడుకు మెట్రిక్ సదివి ఖాళీగ తిరుగుతుండు. గని నువ్వు కొట్లాడేది సర్కారుతోని. గీమె సర్కారా?”

“అట్ల కాదక్కా. రేపు ఎవడన్న రాయి ఏస్తే?”

“ఏస్తే నా పెంకు పల్గుతది. నీకేంది?” అని, టీచరుగారి అన్నయ్య వైపు చూసింది. “అయ్యా, మీరు పద అంటున్నరు, ఈయన పంపియ్యి అంటుండు. ఆమెను అడిగినోళ్లు ఒక్కలు లేరు.” చివరికి టీచరుగారి ముందుకు వచ్చింది. “కథలల్ల కిరాయికి ఇచ్చెటోళ్లే లేరంటివి గద టీచరమ్మా. నేనున్న. పోతవా, ఉంటవా?”

టీచరుగారు బావి దగ్గరికి నడిచారు. గిలక కిర్రుమంది. బకెట్టు నిండా నీళ్లు తోడి తెచ్చి అన్నగారి ముందు పెట్టారు.

“కాళ్లు కడుక్కో అన్నయ్యా. భోంచేసి వెళుదువుగాని.”

“నలుగురూ ఏమంటారే?”

“ఆ నలుగురినీ వారం వారం చదువుతూనే ఉన్నాను. వాళ్లలో ఒక్కళ్లూ నాకు గది ఇవ్వలేదు.”

తర్వాత ఒకరోజు పెంకు పగిలింది కూడా. ఎవరు వేశారో తెలియలేదు. నిచ్చెన తెచ్చి కొత్త పెంకు పెట్టింది మాత్రం యాదగిరన్నే. దించుకున్న తల ఎత్తకుండా పని ముగించాడు. రాహేలమ్మ పోసిన చాయ్ మాత్రం తాగాడు.

టీచరుగారు ఇంకో నాలుగేళ్లు ఆ గదిలోనే ఉండి, వేరే ఊళ్లో ప్రధానోపాధ్యాయిని ఉద్యోగం వచ్చాక వెళ్లారు. కుట్టిన పుస్తకాలు వీధిలో పంచారు. ట్రంకులోని చివరి వారాలన్నీ రాహేలమ్మకు ఇచ్చారు. ఆమె వాటితో చాలా రోజులు పొయ్యి రాజేసుకుంది. వానాకాలంలో కూడా బాగా అంటుకునేవని మెచ్చుకుంది.

ఇప్పుడు నేను ఎల్బీనగర్ వైపు పడుతున్న కాలనీల్లో ఇళ్లకు ప్లాన్లు గీస్తున్నాను. చోటు సరిపోయిన ప్రతి ఇంటికీ వీధి వైపు ఒక చిన్న గది, దానికి వేరే తలుపు వేస్తాను. “ఇదెవరికయ్యా? మాకు కిరాయిదార్లు వద్దు,” అంటారు కొందరు యజమానులు. వాళ్లు చెబితే చెరిపేస్తాను. చెప్పనివాళ్లకు ఉంచేస్తాను. తలుపుల వివరాలు రాసేచోట ఆ గది ఎదుట ‘గడియ లోపలివైపు’ అని రాస్తాను. అది రాయకపోయినా వడ్రంగి పెడతాడని మా పై అధికారి నవ్వుతాడు. అయినా రాస్తాను.

నిన్న లై ఆరేలోగా ఆగిన గీత పూర్తిచేశాను. వీధి గదికి దగ్గరలో బావి గుర్తు పెట్టాను. ఎవరో ఒకామె వస్తుంది. నీళ్లు చేదుకుంటుంది.