రెట్టింపు వేగంలో విన్న ఏడు నిమిషాలు: కరీంనగర్ నుంచి ఖానాపూర్ దాకా

ఈ ప్రయాణం నేను అనుకుని పెట్టుకున్నది కాదు. కరీంనగర్‌లో మా గ్రానైట్ ఆఫీసులో కూర్చుని, ఒక లారీ డ్రైవర్ పంపిన వాయిస్ మెసేజ్ కోసం ఫోన్ వెతుకుతుంటే వేలు జారి మా బావ మెసేజ్ మీద పడింది. రెండు రోజుల కిందటి మెసేజ్. మొత్తం ఏడు నిమిషాలు. నాలుగో నిమిషం దగ్గరే ఆగి ఉంది. అదేంటి, నేను విన్నాను కదా, అనుకుంటూ మిగతా మూడు నిమిషాలూ విన్నాను. విన్నాక లారీ సంగతే మరిచిపోయాను.

మా బావ గంగాధర్ దుబాయ్‌లో పని చేస్తాడు. అక్క పద్మ ఖానాపూర్ దగ్గరి ఊళ్లో ఉంటుంది. రోజూ మాట్లాడుకుంటారు, వానల గురించి, పత్తి గురించి. పెద్ద మాట ఏదైనా వస్తే మాత్రం బావ తన మరదలినైన నాకు చెబుతాడు, నేను అక్కకు చెప్పాలి. అక్క జవాబు మళ్లీ నా చేతుల మీదుగానే వెళ్లాలి. పెళ్లయినప్పటి నుంచీ ఇదే పద్ధతి. ఈసారి బావ పంపిన మెసేజ్‌ను లారీ లోడవుతుండగా, ఆఫీసులో డ్రైవర్ల మెసేజ్‌లు వినే అలవాటు కొద్దీ రెట్టింపు వేగంలో పెట్టాను. కంపెనీ వాళ్లు ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారు, ఇల్లు సగంలో ఉంది, ఉంటేనే మంచిదేమో అన్నాడు. ఇంతలో ఎవరో ఫోన్ చేశారు. ఆ తర్వాత మా సార్‌కు రిపోర్ట్ రాసినట్టే అక్కకు ఒక్క లైను రాసి పడేశాను: "బావ ఇంకో రెండేళ్లు ఉంటాడట. అంతా ఓకే."

అక్క "సరే" అని పెట్టి ఫోన్ ఆఫ్ చేసింది. నేనేమో పనిలో ఉందనుకున్నాను. చూడండి నా తెలివి!

బావ చివరి మూడు నిమిషాల్లో చెప్పింది వేరు. అక్క ఉండమంటే ఉంటాడు, రమ్మంటే వస్తాడు, గురువారం డ్యూటీ దిగాక ఆఫీసుకు వెళ్లి సంతకం పెట్టాలి, ఆలోపు అడిగి చెప్పమన్నాడు, అప్పటిదాకా అక్కకు తాను ఫోన్ చేయనన్నాడు. ఆ రోజే గురువారం. అక్కడ డ్యూటీ అయిదింటికి అయిపోతుంది, అంటే మనకు ఆరున్నర. బావకు వెంటనే మెసేజ్ పెట్టాను, ఒక్క టిక్కే పడింది. డ్యూటీలో ఫోన్లు లాకర్‌లో పెట్టిస్తారు. అక్క పక్కింటామెకు ఫోన్ చేస్తే ఆవిడ అక్క దగ్గరికి వెళ్లి అడిగి వచ్చి, "మాట్లాడదంట సునీతా. నువ్వు బిజీ మనిషివంట, నీకెందుకు ఫికర్ అంటుంది" అంది. ఇక ఆఫీసులో కూర్చుంటే లాభం లేదని లీవ్ చెప్పి, పదీ నలభైకి బస్టాండ్‌లో ఉన్నాను.

ఇదే దారిలో వెళ్లాలనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను. నిర్మల్ మీదుగా చుట్టు తిరగనక్కర్లేదు. జగిత్యాల, కోరుట్ల మీదుగా మెట్‌పల్లి వెళ్లి, అక్కడ గోదావరి దాటితే ఖానాపూర్ వస్తుంది. మెట్‌పల్లికి ఎక్స్‌ప్రెస్‌లో రెండున్నర గంటలు పట్టింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, అంటే ఉచితం. బస్సులో కూర్చుని నా ఫోన్ వైపు చూస్తే తల తిరిగింది. బిల్లులకు ఈమెయిల్, డ్రైవర్లకు ఆకుపచ్చ యాప్, సార్ మీటింగ్‌లకు ఇంకోటి, అక్కడ మామూలు యాప్‌లో కాల్ కలవదు కాబట్టి బావ కోసం మేం 'దుబాయ్ యాప్' అని పిలుచుకునేది వేరే. ఇన్ని ఉన్నాయి గానీ నడి వయసు మొగుడూ పెళ్లాలు ఒక మాట అనుకోవడానికి ఏది వాడాలో నాకు అర్థం కావడం లేదు. ఆఫీసు మెసేజ్‌లో సగం విన్నా పని జరుగుతుంది, ఎందుకంటే మిగతా సగం రేపు మళ్లీ పంపుతారు. ఇంటి మెసేజ్ సంగతి అలా కాదని నాకెవరు చెప్పాలి?

మెట్‌పల్లిలో దిగేసరికి ఒంటిగంటన్నర. ఖానాపూర్ బస్సు ఎప్పుడని అడిగితే ఒకరు ఇప్పుడే పోయిందన్నారు, ఒకరు నాలుగింటికి అన్నారు. మిర్చీలు వేస్తున్న ఆవిడ నూనె మూకుడు మీంచి తల ఎత్తకుండానే, "గిప్పుడే వస్తది, కూసో బిడ్డా, రెండు మిర్చీలు తిను" అంది. తిన్నాను, వేడివేడిగా బాగున్నాయి, బస్సు మాత్రం రాలేదు. మూడింటిదాకా చూసి ఆటో మాట్లాడుకున్నాను. ఆరు వందలకు ఒప్పుకున్నాడు. తొందర లేనివాళ్లు షేర్ ఆటోల్లో మారుతూ వెళితే అందులో పావు వంతు కూడా కాదు.

ఆటో అన్న అరవై ఏళ్ల మనిషి. నేను ఒకే మెసేజ్ మళ్లీ మళ్లీ వింటుంటే అద్దంలోంచి చూసి, "దుబాయా చెల్లె?" అన్నాడు.

"మా బావ."

"నేను మస్కట్‌ల పదకొండేండ్లు ఉన్న. అప్పుడు గీ ఫోన్లు యాడియి? కేసెట్ల మాట్లాడి, సెలవు మీద వచ్చెటోళ్లతోని పంపుతుంటిమి. మా అవ్వ ఒక్క కేసెట్ నెలరోజులు ఇంటుండె."

"నెలరోజులా? అందుల గంత ఏముంటది అన్నా?"

"ఏముంటది, మంచిగున్న, మంచిగున్న, గంతే. నేను దగ్గిన కాడ ఆపి, మా పోరనికి సర్ది అయింది అని వాడకట్టంత చెప్పి వచ్చెటిదంట." అని పెద్దగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. గోదావరి వంతెన మీద గాలి గట్టిగా కొడుతుంటే, ఫోన్ చెవికి ఆనించుకుని మళ్లీ విన్నాను.

నాలుగున్నరకు అక్క ఇంటికి తాళం. పత్తి చేనుకు నడిచాను. అక్క నడుముకు కట్టుకున్న ఒడినిండా పత్తితో నన్ను చూసి, మళ్లీ ఏరుకోసాగింది.

"ఆఫీసు లేదా నీకు?"

"లీవ్ పెట్టిన. అక్కా, నేను..."

"చెప్పేది చెప్తివి గద, ఒక్క లైన్ల. ఆయనకేమో నాకు చెప్పనీకె మొహం రాలే. నువ్వేమో అంత ఓకే అని రాస్తివి. ఏం ఓకేనే? ఎవ్వలికి ఓకే?"

"సగమే విన్న అక్కా, తప్పయింది. జర మొత్తం ఇను" అని మెసేజ్ నొక్కాను. అది పాత వేగంలోనే మొదలైంది. బావ కీచుగొంతుతో గడగడా మాట్లాడుతుంటే, "గీయన గొంతేంది గిట్లయింది? పానం మంచిగ లేదా?" అని అక్క కంగారుపడిపోయింది. నా కంగారులో ఆ వేగం బటన్ ఎక్కడుందో కనపడదు. రోజుకు వందసార్లు నొక్కే బటన్! చివరికి దొరికింది. మొదటి నుంచి పెట్టాను.

అయిదో నిమిషంలో బావ, "మోకాళ్లు గుంజుతున్నయి సునీతా. గది మీ అక్కకు చెప్పకు" అన్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. వెనక ఎక్కడో గిన్నెల చప్పుడు. రెట్టింపు వేగంలో అది మాటల మధ్య చిన్న ఖాళీ అంతే. ఇప్పుడు అక్క చేతిలోని పత్తి అలాగే పట్టుకుని, "ఏడుస్తుండు" అంది. నాకు వినపడలేదు. అక్కకు వినపడింది. చివర్న, "నాకైతే రావాలెననే ఉన్నది. ఆమె ఏమంటదో అడుగు" అన్నాడు.

చేనులో సిగ్నల్ లేదు. ఇద్దరం ఇంటికి పరుగు. అక్క ఫోన్ బియ్యం డబ్బాలో ఉంది, ఆఫ్ చేసి అందులో దాచిపెట్టింది. ఛార్జింగ్ పెట్టి ఆన్ చేసేసరికి అయిదూ నలభై. నా ఫోన్లో పంపుదామంటే, "నా మాట నీ ఫోన్ల నుంచి ఎందుకు పోవాలె?" అని కసిరింది. ఇక నా సలహాలు మొదలయ్యాయి. కాల్ చేద్దామంటే ఫోన్ లాకర్‌లో ఉంది. వాయిస్ పెడితే ఆఫీసు లైన్లో పదిమంది మధ్య వింటాడో లేదో. రాస్తే వెంటనే కనపడుతుంది, కానీ అక్కకు చదవడం వచ్చు గానీ అంత తొందరగా రాయడం రాదు. ఆకుపచ్చ యాప్‌లో పెట్టాలా, దుబాయ్ యాప్‌లోనా? బావ బయటికి రాగానే ముందు ఏది తెరుస్తాడు? నాకు నిజంగా పిచ్చెక్కింది.

"జర ఊకుంటవా?" అని అక్క ఫోన్ లాక్కుని మైకు గుర్తు నొక్కి పట్టుకుంది. తర్వాత, "ఇగో, ఇంటున్నవా? ఇల్లు సగంల ఉంటె ఉండనీ. నువ్వు రా" అని వదిలేసింది. అంతే. పది సెకన్లు కూడా లేదు.

ఒక టిక్. ఆరున్నరైంది, ఒకటే టిక్. అక్క గడప మీద కూర్చుంది, నేను నిలబడలేక వాకిట్లో తిరుగుతున్నాను. ఆరూ నలభైకి రెండు టిక్కులు పడి నీలమయ్యాయి. ఇంకో పావుగంటకు జవాబు వచ్చింది, అక్క ఫోన్‌కే. నా ఫోన్ అలవాటుగా చూసుకున్నాను, అందులో ఏమీ లేదు. అక్క తన ఫోన్ చెవికి ఆనించుకుని పెరట్లోకి వెళ్లింది. కళ్లు తుడుచుకుంటూ వచ్చి పొయ్యి మీద అన్నం పెట్టింది. సంతోషమో దుఃఖమో నాకు తెలియలేదు. ఏమన్నాడని ఎన్నిసార్లు అడిగినా, "నన్ను రెండు దినాలు సతాయించినవ్ గద. పొద్దటిదాక నువ్వు గూడ పరేషాన్‌ల ఉండు" అంది.

ఏ పనికి ఏ యాప్ మంచిదో ఈ ప్రయాణం తర్వాత కూడా నాకు పూర్తిగా తెలియదు. నేను తప్పంతా యాప్‌ల మీదికి నెట్టాలని చూశాను గానీ, ఏడు నిమిషాలు మాట్లాడిన మనిషికి నేను ఏడు నిమిషాలు ఇవ్వలేదు, అసలు సంగతి అదే. ఇద్దరి మధ్య మాటలు మోసేదాన్నని లోపల్లోపల కొంచెం గర్వం కూడా ఉండేది. అదీ దిగింది. ఇక మీకు పనికొచ్చే మాట ఒకటి: సాయంత్రం ఆరు దాటితే ఖానాపూర్ నుంచి మెట్‌పల్లి బస్సును నమ్ముకోకండి, ఆ రాత్రికి ఉండేలాగే బయల్దేరండి.

మర్నాడు పొద్దున అక్క బస్సు దాకా వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని చివరిసారి బతిమాలాను: "అక్కా, ఇప్పుడన్న చెప్పు. బావ ఏమన్నడు?"

బస్సు కదిలింది. అక్క రెండడుగులు పక్కనే నడిచింది.

"సంతకం పెట్టలేదంట" అంది. "మిగతాది నీకెందుకే!"