నేను ఎత్తని ఫోను

మాది నెల్లూరు దగ్గర వెంకటాచలంలో బట్టల కొట్టు. మా ఇంట్లో పిల్లలకు పలక చేతికి రాకముందే బేరం నోటికి వచ్చేది. నాన్న దగ్గర నేర్చుకున్న విద్యల్లోకెల్లా గొప్పది నోరు మూసుకోవడం. చీర మనసుకు పట్టిందని ఆడమనిషి కళ్లలో కనిపించిందా, ఇక ధర గురించి వాదించకూడదు. మాట్లాడకుండా మడతపెట్టి అరలోకి తోసేయాలి. చేజారిపోతుందన్న దిగులు ఆమెలో అదే మొదలవుతుంది. "గుండెలోకి ఒక ఈగను వదిలితే చాల్రా, మిగతా పని అదే చూసుకుంటది" అనేవాడు నాన్న. అది ఇంట్లో కూడా పనికొస్తుందని కనిపెట్టిన ఘనత మాత్రం నాదే.

నా భార్య తండ్రి కృష్ణపట్నం పోర్టు నుంచి బొగ్గు లారీ తోలేవాడు. ఒక మధ్యాహ్నం ఆయన ఫోను ఎత్తలేదు. ఆమె చేస్తూనే ఉంది. చివరికి ఎత్తినవాడు కానిస్టేబుల్. అప్పట్నుంచి ఎవరైనా ఫోను ఎత్తకపోతే ఆమెకు చేతులు చల్లబడతాయి, ఊపిరి అందదు. పెళ్లయిన వారానికే ఈ సంగతి చెప్పింది. "ఎంత బేరంలో ఉన్నా సరే, ఎత్తి 'ఉండాను' అనండి, చాలు" అంది. ఏళ్ల తరబడి ఎత్తాను కూడా.

రెండేళ్ల కిందట పోర్టు దగ్గర ఒక ఆఫీసులో ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఎంత సంబరపడిందో! ఆమె పోతే కొట్లో ఆడవాళ్లకు చీరలు చూపించే మనిషి నాకుండదు. వద్దంటే గొడవ, పైగా వద్దన్న మొగుడినని పేరు. అందుకని "నీ ఇష్టం" అన్నాను.

చేరడానికి వారం ముందు సరుకు కోసం నెల్లూరు వెళ్లాను. హోల్‌సేల్ అంగట్లో ఉండగా ఆమె ఫోను మోగింది, చూసి మళ్లీ లోపల పెట్టుకున్నాను. జేబులో అది వణుకుతుంటే, టీలో చక్కెర తక్కువైందని గొణుగుతూ కూర్చున్నాను. ఆగి మళ్లీ మోగినప్పుడల్లా బేరం నా వైపు వంగుతోందనుకున్నాను. ఇంటికి వచ్చేసరికి ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"యాడుండారు ఇంతసేపు?"

"సైలెంట్‌లో పడిపోయింది. ఇంత దానికే ఇట్లయితే రేపు ఆఫీసులో ఎట్లా చేస్తావు?"

ఆ వారంలో ఇంకో రెండుసార్లు అదే చేశాను. మూడోసారి ఆమే అంది, "నాతో కాదులెండి. రాలేనని చెప్పేసినా." నేను ఓదార్చాను. బాగానే ఓదార్చాను. బేరం గిట్టుబాటయ్యాక మా వ్యాపారులమంతా చాలా మంచివాళ్లం.

మనుషులు కావాలని ఎదుటివాళ్లకు దడ పుట్టిస్తారా అంటే, దుర్మార్గులు పుట్టిస్తారేమో అని నేనూ అనేవాణ్ణి.

కొన్నాళ్లకు నెల్లూరు హోల్‌సేల్ ఆయన మా కొట్టుకు వచ్చాడు. ఆమె ముందే నవ్వుతూ అన్నాడు, "ఆ రోజు మా అంగట్లో ఫోను మోగతానే ఉంది, అన్న చూస్తాడు, లోపల పెట్టుకుంటాడు. ఇన్సూరెన్సోళ్లేమో అనుకున్నానక్కా!" ఆమె ఆయనకు మంచినీళ్లు ఇచ్చింది. ఆ రోజునుంచి నాకు ఫోను చేయడం మానేసింది. దడ తగ్గి కాదు. నేను ఆలస్యంగా వచ్చిన రోజుల్లో నీళ్ల గ్లాసు అందిస్తుంటే వేళ్లు తగులుతాయి, చల్లగా.

మొన్న ఆ ఆఫీసు వాళ్లే మళ్లీ కబురు పెట్టారు. ఈసారి నేను మనస్ఫూర్తిగా వెళ్లమన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "ఈసారి ఏం కావాల మీకు?"

"ఏమీ వద్దు. నిజంగా చెప్తా ఉండా."

"కొట్టుకొచ్చే గిరాకీలకు కూడా అట్లనే చెప్తారు గదా."

ఒట్టు వేద్దామనుకున్నాను. కొట్లో కూర్చుని పొద్దుటినుంచి ఎన్ని ఒట్లు వేశానో ఆమె పక్కనే ఉండి విన్నది. ఆమె ఫోను తీసి, రాలేనని వాళ్లకు మెసేజ్ టైప్ చేసింది. పంపే ముందు నా ముఖం ముందు పెట్టి చూపించింది.

"సరేనా?" అంది.