వరసలో ఇంజన్ ఆపించిన మేనత్త

మా మేనత్తకు ఒక లారీ ఉండేది. గుంటూరులో టిక్కీలనే మిర్చి బస్తాలు ఎక్కించుకుని, ఒంగోలు, సింగరాయకొండ మీదుగా దక్షిణాన ఉన్న పెద్ద ఓడరేవుకు పోయేది. అంతకుముందు ఆ లారీ నడిపింది మావయ్యే. బతుకులో సగం రేవు గేటు ముందు వరసల్లో, ముందు బండి పొగలో గడిపాడు. చివరికి ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు. అప్పటినుంచి ఒక డ్రైవర్‌ని పెట్టుకుని లారీ బాగోగులు అత్తే చూసేది. ఆ ఇంటికి ఆధారం ఆ లారీ ఒక్కటే.

రెండువేల సంవత్సరం దాటాక రేవువాళ్ళు కొత్త నిబంధనలు తెచ్చారు. ఓడలూ క్రేన్లూ లారీలూ వదిలే కార్బన్‌ని ఏటేటా తగ్గించాలని లక్ష్యం పెట్టుకున్నారట. గేటు దగ్గర లారీకి పొగ పరీక్ష. తప్పితే పాసు రద్దు. వరసలో ఉన్నంతసేపూ ఇంజన్ ఆపాలని పెద్ద బోర్డు కూడా పెట్టారు. దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

పరీక్ష సంగతి వినగానే మా డ్రైవర్‌కి గొప్ప ఉపాయం తట్టింది. పత్తి పండే నేల మీద పుట్టినవాడికి ఇంకేం తడుతుంది! జిన్నింగు మిల్లు నుంచి గుప్పెడు దూది తెచ్చి, తడిపి, సైలెన్సర్‌లో కూరాడు. పొగంతా దూదిలోనే ఆగిపోతుందని వాడి నమ్మకం. గేటు దగ్గర యాక్సిలేటర్ తొక్కగానే నల్లటి ఉండ ఫట్‌మని ఎగిరి ఆఫీసరు తెల్లచొక్కా మీద పడింది. ఆయన మంచివాడు కాబట్టి పాసు లాక్కోలేదు. సరుకు వేరే లారీలోకి మార్పించి, "వచ్చేసారి కూడా ఇలాగే ఉంటే ఈ బండి ఇక లోపలికి రాదు" అని పంపేశాడు.

అత్త డ్రైవర్‌ని తిట్టిన తిట్లు రాస్తే ఈ కాగితం కాలిపోతుంది. తిట్టడం అయ్యాక లారీని షెడ్డులో పెట్టించి, డీజిల్ పంపూ నాజిళ్ళూ విప్పి మళ్ళీ బిగించేదాకా మెకానిక్ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. మళ్ళీ లోడు ఎక్కాక తనే క్యాబిన్ ఎక్కింది. నేను టీచర్‌ని, వేసవి సెలవుల్లో ఉన్నాను. నన్నూ లాక్కుపోయింది.

గేటు ముందు వరస కనుచూపు మేర ఉంది. అన్ని లారీలూ గుర్రుమంటూనే ఉన్నాయి. లోడు మీద ఇంజన్ ఆపకపోవడం మనవాళ్ళకి అలవాటు. బ్యాటరీలు పాతవి. ఆపితే లేవదు, లేవకపోతే వరస పోతుంది. అత్త దిగి బండ్ల మధ్య కాసేపు తిరిగొచ్చింది. వచ్చేసరికి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. అచ్చం మావయ్య దగ్గులా వినిపించి నాకు భయం వేసింది.

"ఒరేయ్, ఇంజన్ ఆపు" అంది.

"అమ్మా, ఆపితే మళ్ళీ లేవదు. వరసా పోద్ది, పరీక్షకి అందక పాసూ పోద్ది" అన్నాడు డ్రైవర్.

"లేవకపోతే తోద్దాం. ఆపరా!"

ఆపాడు. కాసేపటికి ముందు లారీలు కదిలాయి. మాది లేవలేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. ఇంటికి ఉన్న ఒక్క ఆధారమూ నా కళ్ళ ముందే పోతోందనుకున్నాను. అత్త కొంగు నడుముకి దోపి, వెనక్కి వెళ్ళి, అంత లోడు లారీకీ రెండు చేతులూ ఆనించింది.

"చూస్తారేంట్రా, ఒక చెయ్యి వెయ్యండి!"

మొదట నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే దిగొచ్చారు. నేనూ పట్టాను. లారీ మెల్లగా దొర్లింది, డ్రైవర్ గేరు వేయగానే ఇంజన్ అందుకుంది. పరీక్షలో నెగ్గింది. ఆఫీసరు కాస్త దూరంగానే నిలబడి, "ఈసారి దూది లేదు కదమ్మా?" అన్నాడు.

"పత్తికి మంచి ధర పలుకుతోందండి, వృథా చేయం" అంది అత్త.

అలాంటి మనిషికి మేనకోడలినైనందుకు నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను.

ఇంటికి రాగానే మావయ్య దిండుకి ఆనుకుని లేచి కూర్చున్నాడు. "పాసు నిలిచిందా?"

"నిలిచింది. వరసలో ఇంజన్ కూడా ఆపించాను."

"లోడు మీదా? మరి లేచిందా?"

"లేవలేదు. తోశాం."

మావయ్య పగలబడి నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. అత్త పక్కన కూర్చుని వీపు రాసింది. దగ్గు తగ్గాక ఆయన కిటికీలోంచి లారీని చాలాసేపు చూశాడు.

"ఆపొచ్చని మా రోజుల్లో ఎవరూ చెప్పలేదే" అన్నాడు.