చూసింది చెబుతూ నడుపు

పొద్దున్నే మా అపార్ట్‌మెంటు సెల్లారులో ఇంకో బండేదీ కదలకముందు నా కారు తలుపు వేస్తే ఒక చప్పుడు వస్తుంది. రేకు చప్పుడు కాదు. బియ్యం బస్తా నేల మీద దించినట్టు బరువుగా, ఒక్కసారే వచ్చి ఆగిపోతుంది. ఎల్బీనగర్ చౌరస్తాలో రోజంతా ఎన్ని హారన్లు విన్నా పట్టించుకోని నేను ఈ ఒక్క చప్పుడుకు మాత్రం క్షణం ఆగుతాను. ప్రభాకరరావు సారు గుర్తొస్తారు. కారు కొనడానికి వెళ్లినప్పుడు ఆయన అందరిలా రంగు చూసేవారు కాదు, టైర్లను కాలితో తన్ని చూసేవారు కాదు. తలుపు తీసి, వేసి, తల పక్కకు వంచి వినేవారు. ఆ తర్వాత అరచేత్తో బానెట్‌ను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నెమ్మదిగా తడిమేవారు. అమ్మేవాళ్లు ఆయనకు కార్ల విద్య ఏదో తెలుసనుకుని ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడేవారు. ఆయనకు కళ్లు సరిగా కనిపించవని వాళ్లకు తెలియదు. నాకు తెలుసు.

సారు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపేవారు, ఫిజిక్స్ తానే చెప్పేవారు. తెనాలి వైపు మనిషి. గొంతు ఎంత పెద్దదంటే మూడో అంతస్తులో పాఠం చెబితే కింద మిర్చి బండి దగ్గర నిలబడ్డవాళ్లకు కూడా సగం సిలబస్ వచ్చేసేది. మాది నల్గొండ పక్క పల్లె. మా నాయిన లారీ డ్రైవరు. డిగ్రీ అయ్యాక నేను ఆ సెంటర్లో అడ్మిషన్ కౌంటర్ దగ్గర చేరాను. నా మాటను సారు సరదాగా వెక్కిరించేవారు, నేను ఆయన దీర్ఘాలను వెక్కిరించేదాన్ని. ఒకరోజు నాకు డ్రైవింగ్ రాదని తెలిసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"లారీ డ్రైవర్ కూతురివి, నీకు బండి నడపడం రాదా? ఇదేం అన్యాయం అమ్మాయ్!"

"మా నాయిన నేర్పలే సార్. ఆడపిల్లకెందుకన్నడు."

"అయితే ఆదివారం పొద్దున్నే వచ్చెయ్."

అప్పట్లో ఆయన కళ్లు బాగానే ఉండేవి. తన చిన్న కారులో నన్ను నాదర్‌గుల్ రోడ్డుకు తీసుకెళ్లేవారు. అక్కడ విమానం నడపడం నేర్చుకునే పిల్లలు గాల్లో చక్కర్లు కొడుతుంటే, కింద నేను రోడ్డు మీద వంకర్లు తిరిగేదాన్ని. ఆయన నేర్పే పద్ధతి ఒకటే. కంటికి కనిపించిన ప్రతిదీ నోటితో పైకి చెబుతూ నడపాలి. చెప్పలేదంటే చూడనట్టే లెక్క. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. రోడ్డు మీద పోయేవాళ్లు పిచ్చిదనుకుంటారని భయం.

"ముందల ఆటో ఉంది సార్. ఎడమ దిక్కు బర్రె. బర్రె... పోయింది సార్."

"పోయిన బర్రె ఊసెందుకు? వచ్చే బర్రెను చూడు!"

అలా బర్రెలూ ఆటోలూ అప్పజెప్పుకుంటూ నేను డ్రైవరునయ్యాను. ఈ పద్ధతి కౌంటర్లోనూ పనికొచ్చింది. ఎదురుగా కూర్చున్న తల్లిదండ్రుల్లో ఎవరు భయపడుతున్నారో, ఏ పిల్ల తనకు ఇష్టం లేని కోర్సులో చేరబోతోందో ముందు నాలో నేను చెప్పుకుని, తర్వాతే నోరు విప్పడం నేర్చుకున్నాను.

సారుకు ఒక్కటే కోరిక. స్పోర్ట్స్ కారు లాంటి జర్మన్ కారు కొనాలని. కొత్తది కొనే స్తోమత లేదు, ఎవరో వాడి వదిలేసిందైనా చాలు. ఎందుకు సార్ అంటే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "జీవితమంతా త్వరణం గురించి పాఠం చెప్పానమ్మా. చాక్‌పీస్‌కే తెలిసింది గానీ నా వీపుకు తెలియలేదు. ఒక్కసారి సీటు నన్ను వెనక నుంచి తొయ్యాలి." కార్ల గురించి ఆయన మాట్లాడుతుంటే స్టాఫ్ రూములో అందరం నవ్వేవాళ్లం. ఆయనా నవ్వేవారు.

ఆ నవ్వులు నీటికాసుల జబ్బుతో ఆగాయి. కంటి చూపును అంచుల నుంచి లోపలికి తినేసే జబ్బు అది. బోర్డు మీద రాసిన వరుస మీదే సారు ఇంకో వరుస రాసేసేవారు. పిల్లలు నవ్వేవారు కాదు, ఆ రెండు వరుసలనూ విడదీసి నోట్సులో రాసుకునేవారు. ఒకనాడు కొత్తపేటలో ఆయన చిన్న కారు బత్తాయిల బండికి తగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ కాయలన్నీ రోడ్డు మీద దొర్లాయి. "బండి పక్కనుంచి ఎలా వచ్చిందో చూళ్లేదు" అన్నారు ఇంటికొచ్చి. ఆ వారమే చిన్న కారు అమ్మేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు హమ్మయ్య అనుకున్నారు. మర్నాడే ఆయన జర్మన్ కారు చూడ్డానికి బయల్దేరతానన్నారు.

ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి చెయ్యి పట్టుకున్నారు. "ఆయన నా మాట వినరు. ఇప్పుడా కారు చేతికొస్తే ఏ లారీ కిందకో పోతారు. సరితా, నువ్వు కూడా వెళ్లు. చూసిన ప్రతి కారుకూ ఏదో ఒక వంక పెట్టి కొననివ్వకుండా చెయ్యి. నీ మాటంటే ఆయనకు గురి." ఆ మనిషితో 'మీకు కళ్లు కనిపించవు, మీరు నడపొద్దు' అని చెప్పడం ఎవరి వల్లా కాలేదు. డాక్టరు చెప్పి ఉంటాడు, కానీ సారు ఆ ఊసే ఎత్తేవారు కాదు. నాకు డ్రైవింగ్ నేర్పిన మనిషిని స్టీరింగ్ ముందు నుంచి లేపే పని నాకే వచ్చిపడింది.

మొదట ఎల్బీనగర్‌లో పాత కార్లు అమ్మే చోటికి వెళ్లాం. ఎర్ర కారు, నేలకు అంటుకున్నట్టుంది. అమ్మేవాడు కారు చుట్టూ తిరుగుతూ, "సింగిల్ ఓనర్ సార్. డాక్టర్ సాబ్ నడిపిండు, ఇంటి నుంచి దవాఖానకు, దవాఖాన నుంచి ఇంటికి, గంతే" అన్నాడు. హైదరాబాదులో అమ్మకానికి వచ్చిన కార్లన్నీ డాక్టర్లు నడిపినవే. మిగతా జనం దేంట్లో తిరుగుతారో దేవుడికే తెలియాలి. సారు తలుపు చప్పుడు విన్నారు, బానెట్ తడిమారు. "అమ్మాయ్, నువ్వోసారి డ్రైవర్ సీట్లో కూర్చో. ఎలా ఉందో చెప్పు" అన్నారు. కూర్చున్నాను. లోపల మల్లెపూల సెంటు ముక్కు పగిలేలా ఉంది. దాని కింద ఇంకో వాసన ఉంది. హైదరాబాదు వచ్చిన కొత్తలో మేం సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలో ఉండేవాళ్లం. పెద్ద వానలు పడ్డ ఏడు మంచం ఎత్తున నీళ్లొచ్చాయి. ఆ నీళ్లు పోయాక పరుపుల్లో, బీరువాల్లో నెలల తరబడి మిగిలిన వాసన నేను జన్మలో మరిచిపోను. కాళ్ల కింద మ్యాట్ ఎత్తి కార్పెట్ లాగాను. సీటు పట్టాల సందుల్లో ఎండిపోయిన ఒండ్రు ఉంది.

"గిదేంది అన్నా? డాక్టర్ సాబ్ చెరువుల ఈత కొట్టిండా?"

అమ్మేవాడు ఫోన్ వచ్చినట్టు పక్కకు పోయాడు. సారు గట్టిగా నవ్వి నా భుజం తట్టారు. రాజ్యలక్ష్మి గారు ఆ రోజు నాకు రెండు సార్లు కాఫీ ఇచ్చారు.

తర్వాతి కారు దిల్‌సుఖ్‌నగర్ సందులో ఒకాయన ఇంటి ముందుంది. తెల్లది, శుభ్రంగా ఉంది, ఇల్లూ మనుషులూ మర్యాదగా ఉన్నారు. ఇక్కడ కూడా సారు నన్నే కూర్చోమన్నారు. "ముందు రోడ్డు ఎక్కణ్ణుంచి కనిపిస్తోంది? బానెట్ చివర కనిపిస్తోందా?" అని అడిగారు. సీటు పల్లంలో ఉంది, మెడ సాచినా కనిపించలేదు. కానీ వంక పెట్టాలన్న ఆత్రంలో అది వదిలేసి నంబరు ప్లేటు మీద పడ్డాను.

"సార్, నంబర్ కూడితే ఎనిమిదొస్తంది. శని నంబర్. వద్దు సార్."

"ఫిజిక్స్ చెప్పేవాడి దగ్గరా నీ శని?" అని కసిరారు. కానీ కొనలేదు, చల్లగా దండం పెట్టి వచ్చేశారు. నా శని మాట పనిచేసిందని నేను లోపల్లోపల మురిసిపోయాను. అలా వారాలు గడిచాయి. ఒక కారుకు మన స్పీడ్ బ్రేకర్ల మీద కడుపు గీసుకుంటుందన్నాను, ఇంకోదానికి ఒక తలుపు రంగు వేరేగా ఉందన్నాను. ప్రతి చోటా ఆయన ముందు నన్ను కూర్చోబెట్టేవారు. పెద్దమనిషి కదా, ఆడపిల్లకు మర్యాద చేస్తున్నారనుకున్నాను.

చివరికి కొత్తపేటలో ఒక బ్యాంకు ఉద్యోగి బదిలీ మీద వెళ్తూ అమ్ముతున్న కారు చూశాం. ముదురు నీలం. సెల్లారులో తలుపు వేయగానే ఆ బస్తా దించిన చప్పుడు వచ్చింది. సారు మొహం వెలిగిపోయింది. నేను మ్యాట్లు ఎత్తాను, వాసన చూశాను, కిందికి వంగి చూశాను, ప్లేటు మీది అంకెలు కలిపి లెక్కేశాను. ఒక్క వంకా దొరకలేదు. నాకు కావలసినంత ఎత్తుకు సీటు లేచింది, ముందున్న గోడ కింది అంచు దాకా కనిపించింది. అదే మాట నోరు జారి చెప్పేశాను కూడా. "అయితే తాళం ఇవ్వండి, ఓసారి నడిపి చూస్తాం" అన్నారు సారు.

నన్ను దిగమని డ్రైవర్ సీట్లో ఆయనే కూర్చున్నారు. యజమాని వెనక కూర్చున్నాడు. నేను ఎడమ సీట్లో కూర్చుని చున్నీ పిడికిట్లో నలిపేస్తున్నాను. ఇంజిన్ గుర్రుమంది. సెల్లారు బయట కొత్తపేట రోడ్డు మీద స్కూలు ఆటోలు, రైతుబజారుకు పోయే జనం. 'సార్ వద్దు' అనాలనుకుంటూనే సీటు బెల్టు పెట్టుకున్నాను. ఆయన రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి చాలాసేపు అలాగే ఉన్నారు. కారు అంగుళం కూడా కదల్లేదు. తర్వాత తలుపు తీసుకుని దిగారు. బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ చుట్టూ నడిచి వచ్చి నా వైపు తలుపు తీశారు.

"లే అమ్మాయ్. నువ్వు నడుపు."

"మీరు నడుపరా సార్?"

"నేను నడిపేవాణ్ణయితే ఆ తెల్ల కారే కొనేద్దును కదా. నీకు కుదిరే సీటు దొరక్కేగా ఇన్ని వారాలు తిరిగాం!"

బత్తాయిలు దొర్లిన రోజే ఆయన స్టీరింగ్ వదిలేశారట. చిన్న కారు అందుకే అమ్మేశారట. మరి మాకెవరికీ ఎందుకు చెప్పలేదంటే, "మానేశానంటే అందరూ జాలిపడతారు. కారు కొంటున్నానంటే తిడతారు. తిట్టించుకోవడమే నయం" అన్నారు. ఆ వెంటనే, "మా ఆవిడ నీకప్పజెప్పిన పని కూడా నాకు తెలుసులే. శని నంబరట!" అన్నారు. వెనక సీట్లో యజమాని అర్థం కాక ఇద్దరి వంకా చూస్తున్నాడు. నేను ఏడుస్తూ నవ్వాను. అన్ని వారాలుగా మోసిన బరువు దిగిపోయి ఒళ్లంతా తేలికైంది. అంత నిశ్చింతగా నేను ఎప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు.

నాదర్‌గుల్ రోడ్డు ఖాళీగా ఉన్న చోట "తొక్కు" అన్నారు. తొక్కాను. సీటు ఆయన్ను వెనక నుంచి తోసింది. ఆయన కళ్లు మూసుకున్నారు. "ఇదీ త్వరణం" అన్నారు చిన్న గొంతుతో. "దీనికి స్టీరింగ్ ఎందుకమ్మా? ఎడమ సీట్లో కూర్చున్నవాడికీ వీపుంటుంది."

ఆ కారే కొన్నారు, నడిపేది నేనేనని తెలిసి రాజ్యలక్ష్మి గారూ అడ్డు చెప్పలేదు. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు అలాగే తిరిగాం. చూపు పూర్తిగా పోయాక ఆయన కారెక్కగానే, "ఊఁ, చూసింది చెబుతూ నడుపు" అనేవారు. నేను చెప్పేదాన్ని. కొత్తపేట పండ్ల మార్కెట్ తీసేసిన చోట ఇప్పుడు ఏముందో, బాలాపూర్ దారిలో ఏ కొత్త భవనం లేచిందో, నాదర్‌గుల్ మీద ఏ రంగు విమానం చక్కర్లు కొడుతోందో. బర్రె కనిపిస్తే మాత్రం తప్పకుండా చెప్పాలి, అది ఆయన ప్రత్యేకంగా అడిగేవారు. నిరుడు చలికాలంలో నిద్రలోనే, ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా వెళ్లిపోయారు. కర్మకాండలయ్యాక రాజ్యలక్ష్మి గారు తాళం తెచ్చి నా చేతిలో పెట్టారు. "నీ కొలతకు కొన్న కారు, నేనేం చేసుకోను?" అన్నారు.

మొన్న మా అమ్మను ఎక్కించుకుని కొత్తపేట రైతుబజారుకు బయల్దేరాను. మలుపు తిరిగి మెయిన్ రోడ్డెక్కాక, నాకు తెలియకుండానే నోరు మొదలుపెట్టింది. "ఎడమ దిక్కు ఇస్త్రీ బండి. ముందల స్కూల్ ఆటో, పిల్లలు దిగుతున్నరు. ఎర్ర చీర కట్టుకున్నామె రోడ్డు దాటుతుంది." అమ్మ కాసేపు విని నా వంక వింతగా చూసింది.

"గివన్ని నాకు కనవడ్తలేవా ఏంది? ఎవరికి జెప్తున్నవే బిడ్డా?"

"స్పీడ్ బ్రేకర్ వస్తుంది" అని చెప్పి, బ్రేకు మీద కాలు పెట్టి, కారు కడుపు గీసుకోకుండా మెల్లగా దాటించాను.