మూడో ప్లగ్గు గుంటలో మంచినీళ్ళు

మా బావ నా చేత చెడ్డ కారు కొనిపించాడని బాంబూఫ్లాట్‌లో మన తెలుగువాళ్ళు చాలామంది అనుకుంటున్నారు. అలా అనుకునేలా చేసింది నేనే. అది నిజం కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బావ అంటే మా అక్క భర్త. ఫెరార్గంజ్ వైపు టాక్సీ నడిపేవాడు. మనవాళ్ళలో ఎవరు పాత బండి కొనాలన్నా ముందు ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఇంజిన్ స్టార్ట్ చేయించి, బానెట్ ఎత్తించి, తల వంచి కాసేపు వినేవాడు. తీసుకోమంటే తీసుకునేవారు, వద్దంటే వెనక్కి వచ్చేసేవారు. నా పాత పెట్రోలు కారు కూడా ఆయన విని బాగుందన్నాకే కొన్నాను.

నేనుండేది పోర్ట్‌బ్లెయిర్‌లో. ఆదివారాలు చాతం రేవులో కారుని ఫెర్రీ ఎక్కించి, సముద్రం దాటి బాంబూఫ్లాట్‌లో అక్కావాళ్ళింటికి వెళ్ళొచ్చేవాణ్ణి. డెక్ మీద కారంతా ఉప్పునీటి తుంపర పడుతుంది. ఇంటికి రాగానే అడుగుభాగం కడగడం ఇక్కడ అందరికీ అలవాటే, లేకపోతే ఉప్పు ఇనుముని తినేస్తుంది. నేను అంతటితో ఆగలేదు. బానెట్ ఎత్తి ఇంజిన్ మీద కూడా పైపు పెట్టేవాణ్ణి. మొదటి కారు కదా, దాని మీద అంత ముద్దు.

కొన్నాళ్ళకి సోమవారం పొద్దున్న ఇంజిన్ మిస్ కొట్టడం మొదలైంది. స్టార్ట్ చేయగానే కారంతా వణికేది. యాక్సిలరేటర్ తొక్కితే దగ్గినట్టు ఆగి ఆగి లాగేది. వేడెక్కాక, మధ్యాహ్నానికి, తనంతట తనే సర్దుకునేది. ఒక ఆదివారం బావకి చూపించాను. ఎప్పటిలాగే తల వంచి విని, ఏం లేదురా, నాలుగు సిలిండర్లూ సమంగా కొడుతున్నాయన్నాడు. ఆయన విన్నప్పుడు నిజంగానే ఏమీ లేదు. నాకు మాత్రం మాట దాటేస్తున్నాడనిపించింది.

ఆ కోపం కడుపులో పెట్టుకుని మేనకోడలి నిశ్చితార్థానికి వెళ్ళాను. భోజనాల దగ్గర ఎవరో ఒకతను, ఒక కారు చూశానని, వచ్చి వినమని బావని అడిగాడు. నేను మధ్యలో దూరాను.

"పెళ్ళి సంబంధానికైతే మా బావని తీసుకెళ్ళు భయ్యా. గాడీకి మాత్రం వద్దు. చెవి పెట్టి విని మరీ ముంచుతాడు."

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. అక్క నవ్వలేదు.

ఆ తర్వాత వచ్చిన సోమవారం నేనే సంగతి తేల్చుకుందామని కూర్చున్నాను. ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ ఉంటుంది, దానికి కరెంటు తెచ్చే వైరు ఒకటి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఆ వైర్లు ఒక్కొక్కటే పీకి, మళ్ళీ పెట్టి చూశాను. ఒకటోది పీకితే వణుకు ఎక్కువైంది. రెండోది పీకినా అంతే. మూడోది పీకితే ఏ తేడా లేదు. అంటే ఆ సిలిండర్ ముందే పనిచేయడం మానేసింది. ఇంజిన్ ఆపి కాయిల్ పైకి లాగాను. దాని రబ్బరు తొడుగు తడిసి ఉంది. కింద ప్లగ్గు ఉండే గుంటలో తుప్పు రంగు నీళ్ళు నిలిచి ఉన్నాయి.

సముద్రపు నీళ్ళే అనుకున్నాను. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. తుప్పు రుచి తగిలింది గానీ ఉప్పు లేదు. మంచినీళ్ళు. నా పైపు నీళ్ళు.

గుడ్డతో అద్ది, ఆరబెట్టి, బిగించాను. ఇంజిన్ బావ చెప్పినట్టే సమంగా నడిచింది. ఇంజిన్ మీద నీళ్ళు పోయడం మానేశాను, మళ్ళీ ఎప్పుడూ మిస్ కొట్టలేదు. ఇంట్లో అడిగితే ఏదో వైరు లూజయిందన్నాను. బాంబూఫ్లాట్‌లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను, అక్క వడ్డిస్తే తింటూనే ఉన్నాను.

అలా రెండేళ్ళు గడిచాయి. మొన్నామధ్య నేనక్కడ ఉండగానే, దూరపు వీధి నుంచి ఒకాయన కారు చూడటానికి రమ్మని బావని అడిగాడు. బావ రానన్నాడు. వేరే ఎవరినైనా తీసుకెళ్ళమని, తన వల్ల కాదని పంపేశాడు. నా మీద కోపం ఇంకా పోలేదనుకున్నాను. వచ్చినాయన వెళ్ళిపోయాక బావకి అంతా చెప్పేశాను.

బావ తిట్టలేదు. "ఉప్పు లేదా? సరిగ్గా చూశావా?" అన్నాడు.

"ఉప్పు లేదు బావా. సరిగ్గానే చూశాను."



"నా చెవి పోయిందనుకున్నానురా," అన్నాడు. "నువ్వలా అన్నాక ఇంటికొచ్చి టాక్సీ స్టార్ట్ చేసి విన్నాను. అదీ మిస్ కొడుతున్నట్టే వినిపించింది. నా చెవినే నమ్మలేకపోయాను. అందుకే అమ్మేశాను."

టాక్సీ ఎందుకు అమ్మాడో అంతవరకూ నాకు తెలియదు. వయసు మీద పడి మానేశాడనుకున్నాను. క్షమించమని అడగబోతే, లోపల్నుంచి అక్క, ఇక్కడ నాలుగ్గోడల మధ్య అడిగితే ఏం లాభం, ఆ రోజు నవ్వినవాళ్ళ ముందు చెప్పమంది.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ కారు నా చేతికి వచ్చిన రోజున దాని ఇంజిన్‌లో ఏ లోపమూ లేదు. పాడుచేసింది నేను. ఆయన విన్న రెండుసార్లూ సరిగ్గానే విన్నాడు. మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. వాళ్ళకి చదివి వినిపించండి, హిందీలో చెప్పినా సరే. బండి కొనేటప్పుడు ఆయన్ని పిలవండి. ఒకసారి పిలిస్తే రానంటాడు. రెండోసారి కూడా అడగండి.