తక్కెడ బావ ఎత్తి చూసిన గిటారు

మా అక్క మొగుడిని ఆఫీసులో అందరూ తక్కెడ అంటారు. చాటున కాదు, మొహం మీదే అంటారు. ఆయనా పలుకుతాడు. విదేశాల నుంచి వచ్చే పార్సిళ్లను విప్పి, విలువ కట్టి, సుంకం వేసే ఆఫీసులో ముప్పై రెండేళ్లు పనిచేశాడు. అక్కడ మిగతావాళ్లంతా ముందు పెట్టె మీద అంటించిన కాగితం చదివి, తర్వాత పెట్టె విప్పుతారు. మా బావది తిరగేసిన లెక్క. కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టేస్తాడు. వస్తువును రెండు చేతుల్లోకి తీసుకుని ఒకసారి ఎత్తుతాడు, దించుతాడు, మళ్లీ ఎత్తుతాడు. మనసులో ఒక ధర అనుకుంటాడు. అప్పుడు కాగితం తిప్పి చూస్తాడు. రెండూ కలిస్తే ముద్ర. కలవకపోతే పంపినవాడి పని అయిపోయిందన్నమాటే.

"కాగితం ఎవడైనా రాస్తాడ్రా. బరువు ఎవడు రాయగలడు?" అనేవాడు.

ఒకసారి ఎలుగుబంటి బొమ్మను ఎత్తి, "దీని కడుపులో ఏదో ఉంది" అన్నాడట. కుట్లు విప్పి చూస్తే ఆరు చేతి గడియారాలు. ఇంట్లోనూ అంతే. అక్క బజారు నుంచి వస్తే గుమ్మంలోనే సంచీ అందుకుని, "మూడు కిలోల రెండు వందలు. బంగాళాదుంపలు ఎక్కువ తెచ్చినట్టున్నావ్" అనేవాడు. అక్క వంటింట్లోకి తీసుకెళ్లి కాటా మీద పెట్టి చూసేది. పది ఇరవై గ్రాములు అటూ ఇటూ, అంతే తేడా.

"నన్ను కూడా ఎత్తి చూసే చేసుకున్నాడ్రా ఈ మనిషి" అని అక్క నవ్వేది.

"ఎత్తి చూసుంటే చేసుకునేవాణ్ణా?" అని బావ.

ఈ ఆట ఆ ఇంట్లో వారానికి రెండుసార్లు జరగాల్సిందే. ఎన్నిసార్లు చూసినా మాకు విసుగు వచ్చేది కాదు.

ఇక నా సంగతి. బట్టలు ఇస్త్రీ చేసే దుకాణం పైన ఒక గది తీసుకుని గిటారు నేర్పుతాను. పద్నాలుగు మంది శిష్యులు. అందులో సగం మందికి సరిగ్గా ఫీజు కట్టే రోజునే జ్వరం వస్తుంది. నా పాత గిటారు మెడ వంగిపోయి, తీగలు చెయ్యెత్తు లేచి ఉండేవి. నొక్కితే వేలికి ప్రాణం పోయేది. బాగుచేసేవాడు మూడోసారి చూసి, "మాస్టారూ, గోడకి తగిలించుకోండి. అందంగా ఉంటుంది" అన్నాడు. వాడి మొహం, వాడి సలహా! ఆ కోపంలోనే కొంటే మంచిదే కొనాలని పంతం పట్టాను. ముగ్గురే కూర్చుని చేత్తో గిటార్లు చేసే చిన్న దుకాణం ఒకటి విదేశంలో ఉందని తెలుసుకున్నాను. ధర నా ఆరు నెలల సంపాదన. ఆ మాత్రం కూడబెట్టాను.

సుంకం ఎంత పడుతుందని బావను భోజనాల దగ్గర అడిగాను. ఆయన ఖాళీ కంచాలు ముందుకు లాక్కున్నాడు.

"ఇది గిటారు ధర. దీని మీద రవాణా." ఇంకో కంచం పెట్టాడు. "దాని మీద బీమా. ఈ మూడూ కలిపిన దాని మీద సుంకం. సుంకం కూడా కలుపుకుని, ఆ మొత్తం మీద మళ్లీ పన్ను. ఆఖర్న పార్సిలు వాళ్ల చేతి ఖర్చు."

ఆరు కంచాలు. అక్క దగ్గర ఇంక కంచాలు లేవు.

"నేను గిటారు కొంటున్నానా, మీ ఆఫీసుకి అద్దె కడుతున్నానా?" అని ఎగిరాను.

"ముందు ఈ పై కంచాల డబ్బు దాచుకో. తర్వాత కొనుక్కుందువుగాని. తొందరేముంది?"

నాకు తొందరే. పై కంచాలంటే ఇంకో మూడు నెలల సంపాదన. అంతవరకు ఆగడం నా వల్ల కాలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది, ఇంకేం చెప్పను? ఆ దుకాణంవాళ్లకు రాశాను. కాగితం మీద "వాడిన వాయిద్యం, స్నేహితుడికి బహుమతి" అని వేయమన్నాను, ధర పదో వంతు చూపించమన్నాను. వాళ్లు వద్దన్నారు. బతిమాలి మూడుసార్లు రాశాను. కొత్త తీగలు తీసేసి తుప్పు పట్టినవి బిగించమన్నాను, లోపల అంటించిన దుకాణం పేరు చీటీ పీకేయమన్నాను. చివరికి "బాధ్యత మీదే" అని ఒప్పుకున్నారు.

పేరు ఒకటి మిగిలింది. బంధువుల పార్సిలు వస్తే మా బావ చేయి వేయడు. రిజిస్టరులో "మావాళ్లది" అని రాసి పక్క బల్లకు తోసేస్తాడు. పక్క బల్ల ఆవిడ ఆయన దగ్గరే పని నేర్చుకుంది, ఈగను కూడా వదలదు. అందుకని నా దగ్గర నేర్చుకునే పళ్ల డాక్టరు పేరు ఇచ్చాను. మా గదికి పార్సిళ్లు సరిగ్గా రావని ఆయనకు చెప్పాను. "దానిదేముంది మాస్టారూ" అన్నాడు పాపం.

ఇరవై రోజులకు బావ ఫోన్ చేశాడు.

"ఒరేయ్, ఓ గంట తీరికుంటే ఆఫీసుకి రాగలవా? గిటారొకటి వచ్చింది. నాకా, ఆ సరుకు తెలీదు."

తెలియని సరుకు వస్తే తెలిసినవాళ్లను పిలిచి అడగడం, వాళ్ల పేరు రిజిస్టరులో రాసుకోవడం అక్కడి పద్ధతి. ఒంట్లో బాగాలేదని చెప్పవచ్చు. ఊళ్లో లేనని చెప్పవచ్చు. వెళ్లాను. ఇంకొకరెవరినో పిలిస్తే నిజం చెప్పేస్తారని వెళ్లాను.

రేకు పరిచిన పొడుగాటి బల్ల, దానికి గొలుసుతో కట్టిన కత్తి, చుట్టూ మోకాలెత్తు అట్టముక్కలు. బావ నన్ను అందరికీ చూపించి, "మా బామ్మర్ది. గిటారు విషయంలో వీడి మాటే మాట" అన్నాడు. బల్ల మీద నా గిటారు ఉంది. మూడేళ్లు కలలు కని, దాన్ని నేను మొదటిసారి చూడడం అక్కడ, ఎవరిదో అన్నట్టు మొహం పెట్టుకుని!

"కాగితంలో పాతదని ఉందిరా" అన్నాడు బావ. "తీగలు చూస్తే నిజమేననిపిస్తుంది. కానీ చేతికి కొత్తగా తగుల్తోంది. వార్నిష్ వాసన కూడా పోలేదు. నా చేయి ఒప్పుకోవట్లేదు."

నేను దాన్ని తీసుకుని ఒక తీగ మీటాను. అంత తుప్పులోనూ గది నిండా మోగింది. అయినా మొహం చిట్లించాను.

"పాతదే బావా. అమ్మేముందు పైపైన పాలిష్ పట్టించారు. కర్ర నాసిరకం. వాళ్లు వేసిన ధరే ఎక్కువ."

"నిజమేనా?"

"నీకు అబద్ధం చెప్తానా?"

ఆ మాట కూడా అన్నాను. ఎవరూ అనమనలేదు, నా అంతట నేనే అన్నాను. బావ ఇంకొకసారి గిటారు ఎత్తాడు, దించాడు. తల అడ్డంగా ఊపుకున్నాడు. తర్వాత "సరే, నువ్వు చెప్పావ్ కదా" అని ముద్ర వేశాడు. ఫ్లాస్కులో తన టీ సగం నాకు పోసి, శ్రమ పడి వచ్చినందుకు మెట్ల దాకా దిగి సాగనంపాడు.

గిటారు గొప్పగా పలికింది, ఆ మాట దాచను. కొత్త తీగలు వేశాను. పాతదానికి అక్క నీలం గుడ్డతో మెత్తగా కుట్టి ఇచ్చిన భుజం పట్టీని దీనికి మార్చాను. మెట్ల మీద ఎవరి అడుగులు వినపడినా బీరువా వెనక్కి తోసేవాణ్ణి. సొంత గిటారును దొంగసొత్తులా దాచుకుని వాయించే బతుకు పగవాడికి కూడా వద్దు.

బావ ఉద్యోగ విరమణకు పక్షం రోజులుంది. ఒక సాయంత్రం చెప్పాపెట్టకుండా మా గదికి వచ్చాడు. నేను వెనకాల గ్లాసులు కడుగుతున్నాను.

"రా బావా, కూర్చో" అని అక్కడి నుంచే కేకేశాను. అరిచాక గుర్తొచ్చింది. ఉన్న ఒక్క కుర్చీలోనూ గిటారు ఉంది.

చేతులు తుడుచుకోకుండా పరిగెత్తాను. కూర్చోవడానికి అడ్డంగా ఉందని ఆయన దాన్ని తీశాడు. తీసి అలాగే నిలబడిపోయాడు. ఒకసారి ఎత్తాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు.

"ఇది ఆ డాక్టరు పేరున వచ్చింది కదూ?" అన్నాడు నెమ్మదిగా.

"అవును బావా. ఆయన నా శిష్యుడేలే. తీగలు మార్చమని ఇచ్చాడు."

బావ బొటనవేలు భుజం పట్టీ మీద, అక్క వేసిన కుట్ల మీద మెల్లగా నడిచింది. ఆ నీలం గుడ్డ వాళ్ల ఇంటి కిటికీ తెరది. ఆయనే కొన్నాడు.

"ఓహో" అన్నాడు. గిటారును పసిపిల్లను దించినట్టు కుర్చీలో పెట్టాడు.

"కూర్చో బావా, టీ పెడతాను."

"లేదురా, పనుంది."

నేను మెట్ల దాకా కూడా వెళ్లలేకపోయాను. ఎందుకొచ్చాడో రాత్రి అక్క ఫోన్ చేసి అడిగితే తెలిసింది. "వీడ్కోలు సభలో నువ్వు వాయించాలట. ఆఫీసులో అందరికీ చెప్పేసుకున్నారు. ఒప్పుకున్నావా?" అంది. తర్వాత చెప్తానని ఫోన్ పెట్టేశాను.

మర్నాడు బావ తన మీద తానే కాగితం రాసి పై అధికారికి ఇచ్చాడు. తర్వాత నాకు నోటీసు వచ్చినప్పుడు దాని నకలు జతచేశారు. నన్ను ఒక్క మాట అనలేదు అందులో. "నిపుణుడిగా పిలిచిన వ్యక్తి నా భార్య తమ్ముడు. బంధువును పిలవడం నా తప్పు. వస్తువు కొత్తదని నాకు అనిపించినా అతని మాట మీద ముద్ర వేయడం రెండో తప్పు" అని ఉంది. విచారణ తేలేదాకా సభ వద్దన్నారు. ఆఖరి రోజున బల్ల తాళంచెవి అప్పగించి, ఫ్లాస్కు సంచీలో పెట్టుకుని, రోజూ ఎక్కే బస్సే ఎక్కి ఇంటికి వచ్చాడట.

గిటారు అమ్మేశాను. సుంకం, పన్ను, జరిమానా కలిపి కట్టేసరికి గోడకున్న పాతదే మిగిలింది. బావ తప్పేమీ లేదని విచారణలో తేల్చారు గానీ, సభ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. డాక్టరుకు కూడా నోటీసు వెళ్లింది. ఆయన వచ్చి, "అడిగుంటే నేనే అప్పిచ్చేవాణ్ణి కదా మాస్టారూ" అన్నాడు. తర్వాత పాఠానికి రాలేదు.

ధైర్యం చేసుకుని అక్క ఇంటికి వెళ్లడానికి నెల పట్టింది. అక్క తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. హాయిగా అనిపించింది. బావ మాత్రం పేపరు మడిచి, "వచ్చావా, కూర్చో" అన్నాడు, అంతే. అక్క విసురుగా సంచీ తీసుకుని బజారుకు వెళ్లిపోయింది. మేమిద్దరమే మిగిలాం.

"బావా, నీ చేతులు తప్పు చెప్పలేదు. నేను చెప్పాను" అన్నాను. నెల రోజులుగా కూర్చుకున్న మాట అది.

"తెలుసురా" అన్నాడు. "అవి సరిగ్గానే చెప్పాయి. విననిది నేను కదా."

ఇంకేమైనా అంటాడని చూశాను. కొట్టినా బాగుండేది. ఆయన మళ్లీ పేపరు విప్పుకున్నాడు.

అక్క తిరిగొచ్చింది. అలవాటు కొద్దీ గుమ్మంలోనే ఆగి, సంచీ ఆయన ముందుకు చాపి, "ఏమండీ, చెప్పండి, ఎంతుంటుంది?" అంది. అన్నాక నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకుంది.

బావ లేచి సంచీ అందుకున్నాడు. ఎత్తలేదు. నేరుగా వంటింట్లోకి తీసుకెళ్లి కాటా మీద పెట్టాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, బాగా వంగి, అంకెలు చదివాడు.

"నాలుగూ నూటయాభై" అన్నాడు.